అంతర్యుద్ధంలో పోయిన ఐరిష్ పూర్వీకుడి జాడ: "69వ రెజిమెంట్" అన్న ఒక్క మాటతో ఎక్కడ మొదలుపెట్టాలి?

న్యూజెర్సీ_లక్ష్మి

అందరికీ నమస్కారం. నేను ఎడిసన్‌లో ఉంటాను. మావారు ఐరిష్ అమెరికన్. మా అత్తగారి పుట్టింటివాళ్లు బంగాళాదుంప కరువు తర్వాత ఐర్లాండ్ నుంచి న్యూయార్క్ వచ్చి బ్రూక్లిన్‌లో స్థిరపడినవాళ్లు. అత్తగారి ముత్తాతకు తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరి, వర్జీనియాలో చనిపోయాడని వాళ్లింట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆయన పేరు పేట్రిక్, భార్య పేరు బ్రిడ్జెట్. ఇంటిపేరు ఇక్కడ పెట్టను కానీ బాగా ఎక్కువమందికి ఉండే పేరే. "69వ రెజిమెంటు, పచ్చజెండా" అన్న మాట తప్ప చేతిలో కాగితం ముక్క లేదు.

అత్తగారికి ఎనభై దగ్గరపడుతున్నాయి. ఆయన ఏ ఊళ్లో పుట్టాడో, ఎక్కడ పోయాడో ఆవిడకి తెలియజెప్పాలని నాకు చాలా గట్టిగా ఉంది. నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల సైనికుల డేటాబేస్‌లో వెతికితే అదే పేరుతో బోలెడంతమంది వస్తున్నారు, 69వ న్యూయార్క్‌లోనే ఒకరికన్నా ఎక్కువ ఉన్నారు. వీళ్లలో మావాళ్ల మనిషి ఎవరో తేల్చేది ఎలా? ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ఫిలడెల్ఫియా_రవి

లక్ష్మిగారూ, 69వ న్యూయార్క్, పచ్చజెండా, వర్జీనియా అంటే నాకు వెంటనే తట్టేది ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధం. థామస్ ఫ్రాన్సిస్ మార్ కింద ఉన్న ఐరిష్ బ్రిగేడ్‌లో 63, 69, 88 న్యూయార్క్ రెజిమెంట్లు అసలువి, తర్వాత 28వ మసాచుసెట్స్, 116వ పెన్సిల్వేనియా వచ్చి కలిశాయి. 1862 డిసెంబర్ 13న మేరీస్ హైట్స్ అనే గుట్ట మీదకి, రాతిగోడ వెనకాల కూర్చున్న దక్షిణాది తుపాకులకి ఎదురు వెళ్లారు. ఆ రోజు వాళ్ల పాత చిరిగిపోయిన జెండాలు న్యూయార్క్‌కి వెనక్కి పంపేసి ఉన్నారు, కొత్తవి ఇంకా చేతికి రాలేదు. అందుకని 69వ వాళ్లతో సహా చాలామంది గుర్తుగా టోపీల్లో పచ్చని బాక్స్‌వుడ్ పొద రెమ్మలు పెట్టుకుని వెళ్లారు. సుమారు 1,200 మంది వెళితే 540 మందికి పైగా చచ్చిపోవడమో గాయపడడమో కనపడకుండా పోవడమో జరిగింది.

నేను ఆ గుట్ట ఎక్కాను. కింద నుంచి గోడ దాకా దాక్కోడానికి చెట్టూ చేమా లేని నేల. మీవాళ్ల మనిషి అక్కడే పోయి ఉంటాడని నా అనుమానం.

పాతకాగితాలు

అమ్మా లక్ష్మీ, రవిగారు చెప్పిన యుద్ధం అక్షరాలా నిజం. కానీ మీ మనిషిని అప్పుడే ఆ గుట్ట మీదకి ఎక్కించకండి. నేను చాలా ఏళ్లు మేరీల్యాండ్‌లో ఉండి వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇలాంటి ఫైళ్లు తీయించి చదివినవాణ్ణి. ప్రతి ఐరిష్ కుటుంబంలోనూ "మా తాత ఐరిష్ బ్రిగేడ్" అన్న కథ ఉంటుంది. ఐర్లాండ్‌లో పుట్టి ఉత్తరాది సైన్యంలో పనిచేసినవాళ్లు సుమారు 1,50,000 మంది. అందులో ఎక్కువమంది పేరులో ఎక్కడా ఐరిష్ అని లేని మామూలు రెజిమెంట్లలో, ఫిరంగి దళాల్లో, నౌకాదళంలో ఉన్నారు. బ్రిగేడ్ పేరు గొప్పది కాబట్టి కథలన్నీ అటు జరిగాయి.

అయితే మీ ఇంట్లో "69" అన్న అంకె నిలిచింది చూశారా, దాన్ని నేను తీసిపారేయను. చిక్కేమిటంటే 69లు చాలా ఉన్నాయి.

మొదటిది 69వ న్యూయార్క్ స్టేట్ మిలీషియా. మైకేల్ కోర్కోరన్ కర్నల్. 1860లో ఇంగ్లండ్ యువరాజు న్యూయార్క్ వస్తే తన పటాలాన్ని గౌరవ కవాతుకి తీసుకెళ్లనన్నాడు, దానిమీద కోర్టుమార్షల్ నడుస్తుండగానే యుద్ధం వచ్చింది, కేసు వదిలేశారు. ఈ మిలీషియా మూడు నెలల సేవకి వెళ్లి 1861 జూలై 21న బుల్‌రన్‌లో పోరాడింది, కోర్కోరన్ అక్కడే పట్టుబడ్డాడు. రెండోది 69వ న్యూయార్క్ వాలంటీర్లు, రవిగారు చెప్పిన ఐరిష్ బ్రిగేడ్‌లోది. మూడోది, అందరూ మరిచిపోయేది, కోర్కోరన్ 1862 ఆగస్టులో విడుదలై వచ్చాక కట్టిన కోర్కోరన్ లీజియన్‌లోది. ఆ లీజియన్‌లో 155, 164, 170, 182 న్యూయార్క్ రెజిమెంట్లు ఉండేవి, వాటిలో 182ని "69వ నేషనల్ గార్డ్ ఆర్టిలరీ" అనేవారు. పేరు ఆర్టిలరీయే కానీ చేసింది కాల్బలం పని. ఇవి కాక 69వ పెన్సిల్వేనియా ఒకటి, ఫిలడెల్ఫియా ఐరిష్ వాళ్లది. న్యూయార్క్ వాళ్ల మీద గౌరవంతో అడిగి మరీ ఆ నంబరు పెట్టుకున్నారు. గెటీస్‌బర్గ్‌లో మూడోరోజు రాతిగోడ దగ్గర నిలబడింది వీళ్లే.

కాబట్టి మీరు సైనికుడి పేరు పట్టుకుని పోతే తిరుపతిలో వెంకటేశ్వర్లు అని కేకేసినట్టు అవుతుంది. పేట్రిక్‌ని వదిలేయండి. బ్రిడ్జెట్‌ని వెతకండి.

న్యూజెర్సీ_లక్ష్మి

ధన్యవాదాలండీ, ఈ నాలుగు 69ల సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ బ్రిడ్జెట్‌ని వెతకడం అంటే అర్థం కాలేదు. ఆవిడకి చదువు రాదు, ఇళ్లల్లో బట్టలుతికి పిల్లల్ని పెంచిందని అత్తగారు చెబుతారు. అలాంటి మనిషి గురించి ప్రభుత్వం దగ్గర ఏం ఉంటుంది?

పాతకాగితాలు

ఆ సైనికుడి గురించి ఉన్నదానికంటే చాలా ఎక్కువ ఉంటుందమ్మా. పెన్షన్ వల్ల.

1862 జూలై 14న కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం యుద్ధంలో చనిపోయిన సామాన్య సిపాయి భార్యకి నెలకి 8 డాలర్లు ఇచ్చేవారు. భార్యా, చిన్నపిల్లలూ లేకపోతే అతని మీద ఆధారపడ్డ తల్లికి, తల్లి కూడా లేకపోతే దిక్కులేని చిన్న చెల్లెళ్లకి. 1866 నుంచి పదహారేళ్లలోపు పిల్లల్లో ఒక్కొక్కరికి ఇంకో 2 డాలర్లు కలిపారు. ఈ డబ్బు రావాలంటే ఆవిడ మూడు సంగతులు రుజువు చేయాలి: చనిపోయినవాడు ఫలానా పటాలంలో సేవలో ఉండగా పోయాడని, తను అతన్ని చట్టప్రకారం పెళ్లాడిందని, ఈ పిల్లలు అతనికే పుట్టారని. చదువు రాని బీద వితంతువు ఇవన్నీ ఎలా రుజువు చేస్తుంది? పెళ్లి చేసిన పాదిరి దగ్గరకి వెళ్లి సర్టిఫికెట్ రాయించుకొస్తుంది. పెళ్లి ఐర్లాండ్‌లో జరిగితే అదే ఊరి నుంచి వచ్చిన ఇరుగుపొరుగువాళ్లని పట్టుకొచ్చి ప్రమాణం చేయిస్తుంది. పురుడు పోసిన మంత్రసాని వస్తుంది. పిల్లల బాప్తిస్మం రిజిస్టరు నకళ్లు వస్తాయి. చివర ఆవిడ సంతకం ఉండాల్సిన చోట ఒక అడ్డగుర్తు, దానికి అటూ ఇటూ గుమాస్తా ఆవిడ పేరు రాసి, "ఈమె గుర్తు" అని చేర్చి ఉంటాడు. తల్లులు పెట్టుకున్న అర్జీల్లో అయితే కొడుకు డబ్బు పంపేవాడని చూపించడానికి అతను రాసిన ఉత్తరాలే జతచేసేవారు, అవి ఇప్పటికీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి.

సైనికుడి సర్వీస్ రికార్డులో ఏముంటుంది? వయసు, ఎత్తు, కళ్ల రంగు, జుట్టు రంగు, వృత్తి, పుట్టిన చోటు. పుట్టిన చోటు దగ్గర తొంభై పాళ్లు "ఐర్లాండ్" అని ఒక్క మాటే. ఊరు దొరికేది ఆడవాళ్ల కాగితాల్లోనే.

ముందు పెన్షన్ సూచిక చూడండి. నేషనల్ ఆర్కైవ్స్ టీ288 అనే మైక్రోఫిల్మ్, ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా వెతకొచ్చు. సైనికుడి పేరు కింద ఒక్కొక్కరికి ఒక కార్డు. పైన సైనికుడి పేరు, దాని కింద భార్య పేరు, ఇంకా కింద మైనర్ పిల్లల తరఫున సంరక్షకుడి పేరు. ఆ తర్వాత పటాలం, అందులో ఏ కంపెనీ (చిన్న దళం) అన్నది చెప్పే అక్షరం. కింద గళ్లలో అర్జీ పెట్టిన తేదీ, అర్జీ నంబరు, సర్టిఫికెట్ నంబరు, ఏ రాష్ట్రం నుంచి పెట్టారో. సర్టిఫికెట్ నంబరు ఉంటే పెన్షన్ మంజూరైనట్టు. మీరు అదే పేరున్న కార్డులన్నీ తిప్పి భార్య గడిలో బ్రిడ్జెట్ అన్నవి పక్కన పెట్టుకోండి. ఇంటిపేరు రకరకాల స్పెల్లింగులతో చూడండి, ముందు "ఓ" ఉన్నా లేకున్నా చూడండి. గుమాస్తాలు చెవికి వినపడినట్టు రాసేవారు.

విద్య_డబ్లిన్

హాయ్ లక్ష్మి అక్కా, నేను డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఇక్కడి పాత రికార్డుల మీద కొంచెం పిచ్చి ఉంది. పాతకాగితాలు గారు చెప్పినదానికి ఒకటే కలుపుతాను. ఐర్లాండ్‌వైపు ఏం వెతకాలన్నా కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు చాలదు, పారిష్ (ఒక చర్చి కిందకి వచ్చే ప్రాంతం) కావాలి, వీలైతే టౌన్‌ల్యాండ్ కావాలి. టౌన్‌ల్యాండ్ అంటే ఊరికన్నా చిన్న భూభాగం, ఇలాంటివి ఈ ద్వీపంలో 60,000 పైచిలుకు ఉన్నాయి. ఆ పేరు అమెరికా కాగితాల్లోనే సంపాదించాలి.

న్యూయార్క్ ఐరిష్ వాళ్లకి ఇంకో మంచి దారి ఉంది. ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంక్, 1850లో మొదలైంది, ఖాతాదారుల్లో చాలామంది ఇక్కడి నుంచి వచ్చినవాళ్లే. చదువు రానివాళ్లు డబ్బు తీసుకోవడానికి వస్తే మనిషి నిజంగా ఆ మనిషేనా అని తేల్చుకోడానికి బ్యాంకు వాళ్లు ముందే అన్నీ అడిగి రాసుకునేవారు: ఏ ఊరు, ఏ పారిష్, ఏ ఓడలో వచ్చావు, అమ్మానాన్నల పేర్లేంటి, అన్నదమ్ములెక్కడున్నారు, ఎవర్ని పెళ్లాడావు. ఆ పుస్తకాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. బ్రిడ్జెట్‌కి ఎప్పుడైనా అక్కడ పది డాలర్లున్నా మన పంట పండినట్టే.

బోస్టన్‌లో "పైలట్" అనే క్యాథలిక్ పత్రిక ఉండేది. 1831 నుంచి దాదాపు తొంభై ఏళ్లు "ఫలానా ఊరివాడు, ఫలానా ఏడాది వచ్చాడు, ఎక్కడున్నాడో తెలిస్తే చెప్పండి" అని చెల్లెళ్లూ భార్యలూ ప్రకటనలు వేసేవారు. బోస్టన్ కాలేజీ వాళ్లు వాటిని వెతికేలా పెట్టారు. సైన్యంలో చేరాక కబురు లేనివాళ్ల కోసం వేసినవీ ఉంటాయి.

లాలాగూడ_అబ్బాయి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మాది సికింద్రాబాద్ ఆంగ్లో ఇండియన్ కుటుంబం, నాన్న రైల్వే. మా అమ్మమ్మ వైపు పెద్దాయన ఒకరు ఐర్లాండ్‌లోని కార్క్ నుంచి మద్రాసు సైన్యంలోకి వచ్చి తిరుమలగిరి కంటోన్మెంట్లో ఉన్నాడని అంటారు. నాకూ ఇదే దారి పనికొస్తుందా?

పాతకాగితాలు

బాబూ, పద్ధతి ఒకటే, కాగితాలు వేరే. మీవి లండన్‌లో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ తన తెల్ల పటాలాల కోసం ఐర్లాండ్‌లో బాగా మనుషుల్ని చేర్చుకునేది. మన బందరు కోటలో ఉన్న మద్రాస్ యూరోపియన్ రెజిమెంట్ 1809లో ఆఫీసర్ల తిరుగుబాటుతో గొడవకెక్కింది, అదే తర్వాత మద్రాస్ ఫ్యూజిలియర్స్ అయి, కంపెనీ పాలన పోయాక బ్రిటిష్ సైన్యంలో 102వది అయి, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్‌లో ఒకటో బెటాలియన్ అయింది. మీ పెద్దాయన కంపెనీ సిపాయా, రాణిగారి (బ్రిటిష్) సైన్యం సిపాయా అన్నది ముందు తేల్చుకోండి. కంపెనీ అయితే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు, రాణి సైన్యం అయితే లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 అనే పెన్షనర్ల డిశ్చార్జి కాగితాలు. రెండిటికీ కలిపి పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఖననాలు మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి నివేదికల్లో, ఎన్/2 వరుసలో ఉంటాయి. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ సైట్‌లో వెతకడం ఉచితం. వేరే టాపిక్ తెరవండి, అక్కడ వివరంగా మాట్లాడుకుందాం.

న్యూజెర్సీ_లక్ష్మి

కార్డు దొరికింది!!

ఆ పేరున్న కార్డులన్నీ ఒక్కొక్కటే తిప్పాను. 69వ న్యూయార్క్ వాళ్లలో ఒక్కడికీ భార్య బ్రిడ్జెట్ కాదు. ఒకడికి మేరీ, ఇంకొకడికి తల్లి అర్జీ. ఇక ఆశ వదులుకునే టైమ్‌లో ఒక కార్డు, భార్య గడిలో బ్రిడ్జెట్, పటాలం దగ్గర 182 న్యూయార్క్! మీరు మొదటిరోజే చెప్పిన మూడో 69 అదే కదండీ. భార్య అర్జీ తేదీ 1864 ఆగస్టు. కానీ కింద మైనర్ల గడిలో సంరక్షకుడిగా ఇంకెవరో మగమనిషి పేరుంది, తేదీ 1868. ఆవిడ చనిపోయిందా? మా ఇంట్లో కథ ప్రకారం ఆవిడ ముసలితనం దాకా బతికింది. అందుకే ఇది వేరే బ్రిడ్జెట్టేమో అని టెన్షన్‌గా ఉంది.

పాతకాగితాలు

చాలా సంతోషం అమ్మా. చనిపోయిందనుకోనక్కర్లేదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే వితంతువుకి పెన్షన్ ఆగిపోయేది, పిల్లలకి పదహారు వచ్చేదాకా ఆ డబ్బు వాళ్ల పేరున సంరక్షకుడికి వచ్చేది. చేతిలో చిన్నపిల్లలు, నెలకి 8 డాలర్లు, బట్టలుతికే పని. ఇరవైల్లో ఉన్న ఆడమనిషి ఇంకో మనిషిని చేసుకోవడంలో వింత లేదు. ఇంట్లో కథల్లో రెండో భర్తలు జారిపోతుంటారు. 1870 జనాభా లెక్కలు చూడండి, సంరక్షకుడి ఇంటిపేరుతోనో ఇంకేదైనా పేరుతోనో ఉన్న ఇంట్లో బ్రిడ్జెట్, పక్కన వేరే ఇంటిపేరున్న పిల్లలు, వాళ్ల పేర్లు అత్తగారికి తెలిసినవాటితో కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. గుమాస్తా బద్ధకించి పిల్లలకి కూడా సవతి తండ్రి ఇంటిపేరే రాసేసి ఉండొచ్చు, అది కూడా మనసులో పెట్టుకోండి.

ఫైలు తెప్పించడానికి నేషనల్ ఆర్కైవ్స్‌కి ఆన్‌లైన్‌లో అడగొచ్చు, పెన్షన్ ఫైలుకి ఎన్ఏటీఎఫ్ 85 అనే ఫారం, సర్వీస్ రికార్డుకి ఎన్ఏటీఎఫ్ 86. పెన్షన్ ఫైలు మొత్తం కావాలని అడగండి, ముఖ్యమైన కాగితాల ప్యాకెట్ అని ఒకటి ఉంటుంది, దాంతో సరిపెట్టుకోవద్దు. మనకి కావలసిన పక్కింటావిడ వాంగ్మూలం ఆ ముఖ్యమైన కాగితాల్లో ఉండకపోవచ్చు. డబ్బు కట్టే ముందు ఫోల్డ్3 అనే సైట్లో వితంతువుల ఫైళ్లు చూడండి, కొన్ని స్కాన్ అయి ఉన్నాయి.

ఫిలడెల్ఫియా_రవి

182 అయితే నా ఫ్రెడరిక్స్‌బర్గ్ లెక్క వదిలేద్దాం, కోర్కోరన్ లీజియన్ ఆ యుద్ధంలో లేదు. వాళ్లు 1863 మొదటి సగంలో వర్జీనియాలో సఫోక్ దగ్గర, తర్వాత వాషింగ్టన్ రక్షణలో ఉన్నారు. కోర్కోరన్ 1863 డిసెంబర్లో గుర్రం మీంచి పడి పోయాడు. 1864 మేలో స్పాట్సిల్వేనియా దగ్గర గ్రాంట్ నడుపుతున్న పెద్ద సైన్యంలో కలిశారు, ఇక అక్కడి నుంచి ఊపిరి తీసుకోలేదు: నార్త్ అన్నా, కోల్డ్ హార్బర్, పీటర్స్‌బర్గ్. ఆవిడ అర్జీ ఆగస్టులో పడిందంటే మే, జూన్, జూలైలలో ఎప్పుడో జరిగి ఉండాలి.

బందరు_బాబ్జీ

లక్ష్మిగారూ, ఒక మాట అడుగుతాను, నొప్పించాలని కాదు. 1863 జూలైలో న్యూయార్క్‌లో నిర్బంధ సైనిక సేవకి వ్యతిరేకంగా అల్లర్లు జరిగాయి. 300 డాలర్లు కట్టినవాడు యుద్ధానికి పోనక్కర్లేదన్న నిబంధన పేదవాళ్లని మండించింది, కానీ ఆ మంట నల్లజాతివాళ్ల మీద పడింది. నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమం తగలబెట్టారు, మనుషుల్ని దీపస్తంభాలకి ఉరితీశారు, వందమందికి పైగా చనిపోయారు. గుంపుల్లో ఐరిష్ వాళ్లు చాలామంది. మీవాళ్లు బ్రూక్లిన్‌లో అంటే నది అవతలే. కుటుంబ చరిత్ర రాస్తే ఇది కూడా రాస్తారా?

న్యూజెర్సీ_లక్ష్మి

బాబ్జీగారూ, అడిగినందుకు ఏమీ అనుకోలేదు. మావారూ నేనూ మాట్లాడుకున్నాం. రాస్తాం. మా పిల్లలు సగం మన గోధుమరంగు, సగం అటు. వాళ్ల పూర్వీకుల జనం ఎవరి మీద చెయ్యెత్తారో తెలియకుండా, ఎవరి చేతిలో చచ్చారో మాత్రమే తెలిస్తే సరిపోదు. పేట్రిక్ ఆ వారంలో వర్జీనియా వైపే ఉన్నాడు, బ్రిడ్జెట్ ఎక్కడుందో కాగితాలు చెప్పినంతవరకే చెబుతాం.

ఫిలడెల్ఫియా_రవి

దీనికి ఒకటి కలుపుతాను. ఆ అల్లర్లప్పుడు న్యూయార్క్‌లో ఆ నిర్బంధ సేవ నడిపిన అధికారి రాబర్ట్ నూజెంట్, ఐరిష్ బ్రిగేడ్‌లో 69వ వాలంటీర్ల కర్నల్, ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో గాయపడ్డవాడు. గుంపు ఆయన ఇల్లు కూడా ధ్వంసం చేసింది. కర్నల్ హెన్రీ ఓబ్రయన్ అనే ఇంకో ఐరిష్ ఆఫీసర్ని వీధిలోనే కొట్టి చంపారు. అల్లర్లని అణచిన పోలీసుల్లోనూ ఐరిష్ వాళ్లే బోలెడుమంది. "ఐరిష్ వాళ్లు" అని ఒకే ముద్ద చేసి ఇటో అటో తోసేయలేం.

న్యూజెర్సీ_లక్ష్మి

ఫైలు వచ్చింది. నిన్న రాత్రి అత్తగారి దగ్గర కూర్చుని మొత్తం చదివాం.

1870 లెక్కల్లో బ్రిడ్జెట్ దొరికింది, కార్డులో సంరక్షకుడి ఇంటిపేరుతోనే, ఆయనే రెండో భర్త, గుర్రబ్బండి తోలేవాడు. పిల్లలు ఇద్దరూ పేట్రిక్ ఇంటిపేరుతోనే ఉన్నారు, అందులో చిన్నవాడు అత్తగారి ముత్తాత. కాబట్టి మావాళ్లే.

అతని కంపెనీ కెప్టెన్ రాసిన కాగితం ఒకటి ఉంది, 1864 జూన్ 3న కోల్డ్ హార్బర్ దగ్గర పోరులో చనిపోయాడని, తన కళ్లముందే పడ్డాడని. వయసు చేరినప్పుడు 29, కూలి పని, నీలికళ్లు, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. అత్తగారు ఆ ఎత్తు విని మా నాన్న కూడా అంతే అన్నారు. పుట్టిన చోటు దగ్గర మీరన్నట్టే "ఐర్లాండ్" అని ఒకటే మాట.

అసలైనది పెళ్లి రుజువు. పాదిరి సర్టిఫికెట్ లేదు. బదులుగా ఇద్దరు ఆడవాళ్ల ప్రమాణ పత్రాలు. బ్రూక్లిన్‌లో అదే వీధిలో ఉండే మనుషులు. ఒకావిడ తను రోస్‌కామన్ కౌంటీలో బ్రిడ్జెట్ వాళ్ల పక్కింట్లోనే పుట్టి పెరిగానని, వాళ్ల పెళ్లి క్యాథలిక్ పాదిరి చేస్తుండగా దగ్గరుండి చూశానని, 1856లో ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్ ఉపవాసాలు మొదలయ్యే ముందని చెప్పింది, పారిష్ పేరు కూడా చెప్పింది. గుమాస్తా ఆ పేరు తనకి వినపడినట్టు రాసేసరికి మాకు రెండు రకాలుగా కనపడుతోంది. బ్రిడ్జెట్ పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఇది అత్తగారికి కూడా ఇప్పటిదాకా తెలియదు. ప్రతి కాగితం కింద ఆవిడ అడ్డగుర్తు ఉంది. మొదటిదాంట్లో గీతలు సన్నగా వణికినట్టున్నాయి, 1868 నాటిదాంట్లో గట్టిగా నొక్కి ఇంకు పాకిపోయింది.

పాతకాగితాలు గారూ, మీకు ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడంలేదు. అత్తగారు మీకు నమస్కారం చెప్పమన్నారు, చేతులెత్తి మరీ.

పాతకాగితాలు

ఆవిడకి నా నమస్కారాలమ్మా. నేను చేసింది ఏమీ లేదు, ఆ కాగితాలు నిలబెట్టింది బ్రిడ్జెట్టూ ఆ పక్కింటావిడానూ.

ఇంకో రెండు చూడండి. రెండో భర్త కూడా ఒకవేళ మాజీ సైనికుడైతే 1890లో తీసిన వెటరన్ల ప్రత్యేక లెక్కలో ఉండొచ్చు. ఆ ఏడాది మామూలు జనాభా లెక్క 1921 అగ్నిప్రమాదం వల్ల దాదాపు పూర్తిగా పోయింది కానీ వెటరన్లదీ, వితంతువులదీ విడిగా తీసింది కెంటకీ నుంచి అక్షరక్రమంలో కిందనున్న రాష్ట్రాలవి మిగిలింది, న్యూయార్క్ అందులో ఉంది. ఆయన పోయాక బ్రిడ్జెట్ మొదటి భర్త పేరున మళ్లీ అర్జీ పెట్టిందేమో కూడా చూడండి. 1901లో చట్టం మారి, మళ్లీ పెళ్లి చేసుకుని రెండోసారి వితంతువులైనవాళ్లలో కొందరికి పాత పెన్షన్ తిరిగి వచ్చింది.

ఫిలడెల్ఫియా_రవి

కోల్డ్ హార్బర్ రిచ్‌మండ్‌కి దగ్గరే, అక్కడ చిన్న జాతీయ శ్మశానం ఉంది. పేరు తెలియని 800 మందికి పైగా ఉత్తరాది సైనికుల్ని కలిపి పెట్టిన సమాధి ఒకటుంది, 1877లో కట్టింది. జూన్ 3 దాడి తర్వాత రెండు సైన్యాల మధ్య పడిపోయినవాళ్లని రోజుల తరబడి తీయలేకపోయారు, సంధి కుదిరేసరికి గాయపడ్డవాళ్లలో బతికున్నవాళ్లు చాలా తక్కువ. పేరున్న సమాధుల జాబితాలో ఆయన లేకపోతే అక్కడో, గుర్తులేని రాళ్ల కిందో ఉండే అవకాశమే ఎక్కువ. అత్తగారు ప్రయాణం చేయగలిగితే చెప్పండి, నేను కూడా వస్తాను, ఆ నేల నాకు బాగా తెలుసు.

విద్య_డబ్లిన్

అక్కా, రోస్‌కామన్ అని తేలింది కదా, ఇక నా వంతు. ఆ పారిష్ పేరు రెండు రకాలుగా ఎలా రాసి ఉందో నాకు విడిగా మెసేజ్ పెట్టు, ఇద్దరం కలిసి టౌన్‌ల్యాండ్ల జాబితాలో చూద్దాం.

ముందే ఒకటి చెప్పాలి, ఐర్లాండ్ పాత జనాభా లెక్కలు దొరకవు. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లో రికార్డుల భవనం కాలిపోయినప్పుడు దాదాపు అన్నీ పోయాయి, 1861 నుంచి 1891 దాకా ఉన్నవి ప్రభుత్వమే పారేసింది. ప్రభుత్వ జనన నమోదు 1864లో మొదలైంది, పేట్రిక్‌కి అది పనికిరాదు. మనకి మిగిలింది క్యాథలిక్ చర్చి రిజిస్టర్లు, 1880 దాకా ఉన్నవి నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. పడమటి కౌంటీల్లో చాలా పారిష్‌లకి రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి, అందుకని 1835 ప్రాంతంలో పేట్రిక్ బాప్తిస్మం దొరక్కపోయినా 1856 పెళ్లి దొరికే అవకాశం ఎక్కువ. పెళ్లితోనే మొదలుపెడదాం. లెంట్‌లో పెళ్లిళ్లు చేయరు కాబట్టి ఉపవాసాలకి ముందువారం పేజీలు పెళ్లిళ్లతో నిండి ఉంటాయి, ఆ పక్కింటావిడ చెప్పింది సరిగ్గా కుదిరింది, 1856 జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మొదటివారం దాకా ఉన్న పేజీలు చాలు. లాటిన్‌లో ఉంటుంది, పేట్రిక్ "పాట్రిసియుస్" అని, బ్రిడ్జెట్ "బ్రిజిడా" అని కనపడొచ్చు. పేర్ల పక్కన సాక్షుల పేర్లు రెండుంటాయి, వాళ్లలో ఒకరు ఆ బ్రూక్లిన్ పక్కింటావిడే అయినా ఆశ్చర్యం లేదు, ఆవిడ పెళ్లికాకముందు ఇంటిపేరు ఫైల్లో ఉందేమో చూసి ఉంచు.

అది దొరికితే గ్రిఫిత్స్ వాల్యుయేషన్. అది భూమి పన్ను సర్వే, 1847 నుంచి 1864 మధ్య దేశమంతా తీశారు, ఏ టౌన్‌ల్యాండ్‌లో ఏ గుడిసె ఎవరిది, దొర ఎవరు, ఎంత విలువ అన్నీ ఉంటాయి, పక్కనే మ్యాప్ కూడా. అందులో పేట్రిక్‌ని వెతకొద్దు, వాళ్లప్పటికి ఓడెక్కేసి ఉంటారు. బ్రిడ్జెట్ పుట్టింటి ఇంటిపేరూ, పక్కింటావిడ పుట్టింటి ఇంటిపేరూ ఒకే పేజీలో పక్కపక్కన వచ్చే టౌన్‌ల్యాండ్ వెతుకు. స్పెల్లింగులు రెండూ ఈ రాత్రే పంపు, శనివారం నాకు సెలవు.